ఆరు సినిమాల రెండో సగం

అక్టోబర్ 19

ఈ నోట్‌బుక్కు ముందు వైపు నుంచి అక్క కంటి చుక్కల కోసం. రోజుకి ఆరు సార్లు, వేసిన ప్రతిసారీ ఒక టిక్కు పెట్టమంది డాక్టరమ్మ. వెనక వైపు నుంచి నేను రాసుకుంటున్నాను. రెండూ ఎక్కడో మధ్యలో కలవాలి. నేను ఏదీ చివరిదాకా చెయ్యనని అమ్మ అంటుంది కాబట్టి కలవకపోవచ్చు కూడా.

ఆపరేషన్ అయి నాలుగు రోజులు. అక్క కుడి కంటి వెనక పొర ఊడిపోయిందట. అతికించి, లోపల గాలి బుడగ పెట్టారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కదా, అది ఆ పొరని నొక్కి పట్టుకోవాలంటే మొహం నేల వైపే ఉండాలి. మూడు వారాలు బోర్లా. తిండికీ బాత్రూంకీ తప్ప లేవకూడదు.

ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసకే. ఉన్నది ఈ ఒక్క కన్నే. దీంతోనే యూనిఫాంలు కుట్టే చోట చొక్కాలకి కాజాలు కుట్టేది, రోజుకి వందలు.

పొర అతుక్కుంటుందా అని అడిగితే "మీరు సరిగ్గా పడుకోబెడితే" అంది డాక్టరమ్మ. మా మీదకే తోసింది.

అక్టోబర్ 20

మేస్త్రీని అడిగితే పాత బైకు సీటు ఫోమ్ ఇచ్చాడు.

"దేనికిరా హాఫ్ టికెట్టూ?"

నేను పనిచేసే సీటు కవర్ల షాపులో నా పేరు అదే. టైర్ల షాపు, మొబైల్ షాపు, లిఫ్టుల కంపెనీ, అంతకు ముందు బడి, అన్నీ సగంలో వదిలేసి వచ్చానని పెట్టాడు. దేనికో చెప్పాను. వెంటనే కత్తి తీసుకుని ఫోమ్ మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో రంధ్రం కోశాడు.

"ముక్కుకి ఇక్కడ జాగా వదలాలి. నుదురు ఆనే చోట మెత్తగా, గడ్డం దగ్గర గట్టిగా. రెక్సిన్ వద్దు, చెమట పడుతుంది, మెత్తటి గుడ్డ వెయ్యి. సీటంటే సీటేరా, దాని మీద ఏ భాగం ఆనితే మనకేంటి!"

కుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాను. రెండు బల్లలు ఎడంగా జరిపి, మధ్యలో ఈ దిండు పెట్టి, అక్కని పడుకోబెట్టాం. రంధ్రంలోంచి మొహం కిందకి వచ్చింది.

"ఎలా ఉందే?" అంది అమ్మ.

"బైకు మీద పోతున్నట్టుంది. హారన్ ఎక్కడ పెట్టాడు వీడు?" అంది అక్క.

అక్టోబర్ 22

"ఏదైనా మాట్లాడరా, పిచ్చెక్కుతోంది" అంది అక్క. పక్కన కుర్చీలో కూర్చుని మాట్లాడాను. "నువ్వెక్కడున్నావో తెలియడం లేదు. గోడతో మాట్లాడుతున్నట్టుంది" అంది.

సరేనని బల్లల కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాను. పైన అక్క మొహం. కుడి కంటికి కప్పు, ఎడమ కన్ను నా వైపు.

"ఇప్పుడు కనిపిస్తున్నావు. మసగ్గానే. కానీ నువ్వే."

అమ్మ హోటల్లో ఇస్త్రీ పని ముగించుకుని వచ్చి మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఈ ఇంట్లో ఒకతి బోర్లా, ఒకడు వెల్లకిలా. నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే."

ఆ తర్వాత అక్క లిస్టు సంగతి ఎత్తింది. మా ఇద్దరికీ ఉన్న అలవాటు అది. ప్రతి ఏడాదీ చివరి రోజున, ఆ ఏడు చూసిన వాటిలో మంచి సినిమాలు పది ఏరి, పాత క్యాలెండర్ వెనక రాసి, బీరువా తలుపు లోపల అంటిస్తాం. తొమ్మిది కాగితాలున్నాయి. అక్క చీరలు తీసుకున్నప్పుడల్లా అవి రెపరెపలాడతాయి. ఒకటో నంబరు దగ్గర ఏటా కొట్టుకుంటాం. ఒకటో నంబరు మాత్రం ఇద్దరం చూసిందే అయ్యుండాలి, అది రూలు.

"ఈ ఏడు చూసినవి నాలుగే. లిస్టు పాడైపోతుంది" అంది.

"పోతే పోయింది."

"ఎందుకు పోవాలి? ఇంకా రెండు నెలలుంది. మిగతా ఆరూ నువ్వు చూసొచ్చి చెప్పు. వేరేవాళ్ళ నోట వినను. ఫోన్లో వాగేవాళ్ళ దగ్గర అసలు వినను."

"సరే" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది.

నేను సినిమాలు సగమే చూస్తాను. ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే లేచి బయటకి వచ్చేస్తాను. ఎప్పుడూ అంతే. బయట తిరుగుతుంటాను. సినిమా వదిలాక అక్క వచ్చి, ఇంటికి నడిచే దారంతా రెండో సగం చెబుతుంది. కొట్లాటలు చేత్తో చేసి చూపిస్తుంది, పాటలు దాటేస్తుంది. తొమ్మిదేళ్ళ నుంచీ ప్రతి సినిమా నాకు సగం తెర మీద, సగం అక్క నోట.

ఎందుకు లేస్తావని అక్క ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నాకూ ఏం లేదు. కాళ్ళు ఊరుకోవు, అంతే.

అక్టోబర్ 25

కొరియర్ సినిమాకి వెళ్ళాను. మధ్యాహ్నం ఆట. ఈసారి కూర్చోవాలనే అనుకున్నాను. లైట్లు వెలిగాయి. బయట టీ కొట్టు దగ్గర ఉన్నాను.

సాయంత్రం బల్లల కింద పడుకుని మొదలుపెట్టాను. కొరియర్ వాడు పొరపాటున వేరే ఇంటి పార్సిల్ విప్పేస్తాడు, అందులో వాడి చిన్నప్పటి ఫోటో. అది చెబుతుంటే అక్క ఊపిరి బిగబట్టింది. ఫోటో వెనక అడ్రసు దగ్గర ఇంటర్వెల్. ఆగాను.

కాసేపటికి అక్కే అంది, మెల్లగా, "ఓహో. నువ్వు లేచి వచ్చేసి ఉంటావు కదా. ఫర్వాలేదులే."

ఆ "ఫర్వాలేదులే" ఉంది చూశారా. అది వినకుండా ఉంటే బాగుండేది.

"లేదు. కూర్చున్నాను" అన్నాను.

"మొత్తం?"

"మొత్తం."

 నా ముక్కు మీద ఒక చుక్క పడింది.

"ఏడవకు అక్కా, కంటికి మంచిది కాదు!"

"ఏడుపేంట్రా, బోర్లా పడుకుంటే ఊరికే కారుతుంది. చెప్పు, ఆ అడ్రసుకి పోయాడా?"

పోయాడన్నాను. అక్కడ వాళ్ళ నాన్న ఉన్నాడన్నాను. చిన్నప్పుడు ఇల్లు వదిలి పోయినవాడు, ప్రతి ఏడూ ఒక పార్సిల్ కట్టి, పంపడానికి ధైర్యం లేక దాచుకున్నాడన్నాను. గది నిండా పార్సిళ్ళు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. నోట్లోంచి వస్తూనే ఉంది.

"అమ్మో" అంది అక్క. "ఎంత బాగుందిరా!"

అక్టోబర్ 26

అబద్ధం ఏం కాదు. మొదటి సగం నిజమే కదా.

నవంబర్ 2

దొంగల సినిమా. ఇంటర్వెల్లో బయట తిరుగుతుంటే గేటు తాత పిలిచాడు. ఈ హాల్లో ముప్పయ్యేళ్ళుగా టికెట్లు చించేది ఈయనే. సినిమా నడుస్తుంటే తలుపు బయట బల్ల మీద కూర్చుంటాడు, ఒళ్ళో టార్చి.

"ఏరా మనవడా, ఒక్కడివే వస్తున్నావు. మీ అక్క ఏది?"

చెప్పాను. అంతా చెప్పాను, బుడగ, బల్లలు, రెండో సగం.

"తాతా, ఈ సినిమా రెండో సగం ఏంటో నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు? నేను సినిమాలు చూడను."

"ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నావు కదా!"

"ఉన్నాను, బయట. నేను వింటాను, అంతే. ఈ సినిమాకి ఇంటర్వెల్ అయిన పావుగంటకి జనం బాగా నవ్వుతారు. తర్వాత ఒక కారు గుద్దుకుంటుంది. తర్వాత చాలాసేపు ఎవరో ఒకడే మాట్లాడతాడు, మెత్తగా. ఆఖర్న ఈలలు."

ఇంకేం కావాలి. నవ్వు, కారు, మెత్తటి మాట, ఈలలు. ఇంటికి నడిచేలోపు కట్టేశాను. మెత్తగా మాట్లాడింది పెద్ద దొంగ, చిన్న దొంగకి వాడు నాన్న అని తేలుతుంది. అక్క నవ్వుకి బల్ల ఊగిపోయింది. నవ్వితే కంటికి ఏమవుతుందోనని అమ్మ నన్ను చీపురుతో కింద నుంచి తరిమింది.

నవంబర్ 4

పొర అతుక్కుందట. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. ఇక కూర్చోవచ్చు, తల మాత్రం వంచుకునే ఉండాలి. చూపు సంగతి బుడగ కరిగాక తెలుస్తుంది.

మేస్త్రీ దిండు వెనక్కి అడగలేదు. "ఉంచు. అందరి కోసం సీట్లు చేశాను, మొహానికి ఇదే మొదలు" అన్నాడు.

నవంబర్ 9

కుక్క సినిమా. బాగానే చెప్పాను.

నవంబర్ 15

అక్క పొద్దున్నే గట్టిగా అరిచింది. పరిగెత్తుకుంటూ వెళ్ళాం. కుర్చీలో తల వంచుకుని, ఒక్క క్షణం తల ఎత్తి, మళ్ళీ దించి, మళ్ళీ ఎత్తి చూస్తోంది.

"పైన వెలుగురా! కింద నల్లగా నీళ్ళలా ఊగుతోంది. పైన మాత్రం ట్యూబ్‌లైటు కనిపిస్తోంది. తెర సగం లేచినట్టుంది."

బుడగ చిన్నదవుతోందన్న మాట. అమ్మ ట్యూబ్‌లైటు వైపు చూసి దణ్ణం పెట్టింది.

నాకు కూడా సంతోషమే. సంతోషంగానే ఉన్నాను. అక్కకి చూపు వచ్చేస్తే ఈ సినిమాలన్నీ చూస్తుంది కదా అని ఒక ఆలోచన వచ్చింది, వచ్చిన వెంటనే పోయింది. అలాంటి ఆలోచన వచ్చినవాణ్ణి చెప్పుతో కొట్టాలి.

నవంబర్ 16

మళ్ళీ వచ్చింది ఆ ఆలోచన.

నవంబర్ 23

పడవ సినిమా. దీని గురించి సరిగ్గా రాయాలి.

ఒక నదిలో లాంచీ నడిపే నాన్న, కూతురు. వాడు మాటకారి. ఎక్కినవాళ్ళందరినీ ఏదో ఒకటి అని నవ్విస్తాడు, ఎవరి గొడుగు ఎవరిదో మర్చిపోడు. ఒక వానరోజు అవతలి ఒడ్డుకి పోయి తిరిగి రాడు. లాంచీ దొరుకుతుంది, మనిషి దొరకడు. ఆ పిల్ల తలుపు గడియ పెట్టడం మానేస్తుంది. పెళ్ళి మానుకుంటుంది, చుట్టాలు చివాట్లు పెడతారు, గడియ మాత్రం పెట్టదు. ఒక రోజు తలుపు చప్పుడవుతుంది. పిల్ల లేచి నిలబడుతుంది. తలుపు సగం తెరుచుకుంటుంది.

లైట్లు.

హాల్లో ఎవరూ వెంటనే లేవలేదు. నేను లేచాను.

"దీనికి రెండో సగంలో చప్పుడే ఉండదురా" అన్నాడు గేటు తాత. "మొదటి రోజు లోపల జనం ఉన్నారా పోయారా అని తలుపు తీసి చూశాను. ఉన్నారు. వదిలాక బయటికి వచ్చేటప్పుడు కూడా మాట్లాడుకోరు. ఒకాయన నాకు నమస్కారం పెట్టి పోయాడు, ఎందుకో."

ఇంటికి తిన్నగా పోలేదు. రెండు వీధులు ఎక్కువ తిరిగి కట్టాను. వరదలో కొట్టుకుపోయి, దెబ్బ తగిలి, ఊరూ పేరూ మర్చిపోయి, ఎక్కడో వేరే నది మీద లాంచీ నడుపుతుంటాడు. ఒక రోజు ఒకావిడ గొడుగు లాంచీలో మర్చిపోతుంది. ఆ గొడుగు పట్టుకోగానే అంతా గుర్తొస్తుంది. గడ్డం పెరిగిపోయి, తడిసి, తలుపు తోసుకుని వస్తాడు. "గడియ పెట్టుకోలేదేమే, దొంగలొస్తే?" అంటాడు.

 అక్క తల వంచుకునే ఉంది. 

"తలుపు తట్టింది నాన్నే అన్నమాట" అంది.

"ఇంకెవరు మరి?"

"ఒకటో నంబరు ఇదే" అంది. కొట్లాట లేకుండా ఒకటో నంబరు తేలిపోవడం ఇదే మొదటిసారి.

డిసెంబర్ 1

వంతెన సినిమా. పర్లేదు.

డిసెంబర్ 7

దెయ్యం సినిమా చెప్పడం అయ్యాక అక్క పకపకా నవ్వింది.

"ఏంట్రా, దెయ్యం కూడా నాన్నేనా?"

"అంటే?"

"ఏం లేదు. ఈ ఏడు సినిమావాళ్ళందరికీ నాన్నల పిచ్చి పట్టినట్టుంది. కొరియర్ వాడి నాన్న వచ్చాడు, దొంగ నాన్న వచ్చాడు, కుక్క వాసన పట్టుకుని ముసలి నాన్నని వెతికి తెచ్చింది, లాంచీ నాన్న తలుపు తోసుకుని వచ్చాడు, వంతెన అవతల నుంచి ఒకడు నడిచి వచ్చాడు. ఇప్పుడు ఈయన చచ్చాక కూడా ఊరుకోలేదు. ఆరుకి ఆరూ."

నేను లేచి పంపు కింద గిన్నెలు కడిగాను. అవి కడిగిన గిన్నెలే.

డిసెంబర్ 8

ఆరుకి ఆరూ. నేను చూసుకోనే లేదు.

డిసెంబర్ 10

రాసి చూస్తాను. ఎవరు చదువుతారు కనక.

నాన్న గోడలకి రంగులు వేసేవాడు. పెద్ద బిల్డింగులకి, తాళ్ళ మీద వేలాడే పలక మీద నిలబడి. ఇంటికి వచ్చినప్పుడు చెవి వెనక ఎప్పుడూ ఒక రంగు చుక్క ఉండిపోయేది. ఆ చుక్కని బట్టి ఆ రోజు ఏ బిల్డింగో నేను చెప్పేవాణ్ణి.

తొమ్మిదో తరగతి. బడి ఎగ్గొట్టి మధ్యాహ్నం ఆటకి పోయాను. నేను పోతానని అక్కకి ఒక్కదానికే తెలుసు. ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. జనం లేస్తున్నారు. వరసల మధ్య టార్చి వేసుకుంటూ గేటు తాత వచ్చాడు. నా చొక్కా రంగు అక్క చెప్పి పంపింది. నీలం చొక్కా పిల్లోడు ఎవరు, నీలం చొక్కా పిల్లోడు, అంటూ వచ్చాడు. నేను బడివాళ్ళు పట్టుకున్నారనుకుని సీటు కిందకి వంగాను. టార్చి నా మీద పడింది. "రా నాయనా" అన్నాడు. తిట్టలేదు. తిట్టకపోయేసరికి భయమేసింది.

పలక తాడు తెగింది. నేను వెళ్ళేసరికి అయిపోయింది.

నేను సీటు కింద దాక్కోకుండా ఉంటే ఎంత ముందు వెళ్ళేవాణ్ణి? రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో ఏమీ మారదని అక్క అంది. అప్పుడే అంది, మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

బడికి మళ్ళీ పోలేదు. టైర్ల షాపులో చేరాను.

ఆ సినిమా రెండో సగం ఏంటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవర్నీ అడగలేదు.

డిసెంబర్ 14

కూర్చోవడం నేర్చుకోవాలని వెళ్ళాను, ఊరికే, ఏదో ఒక సినిమాకి. లైట్లు వెలిగే ముందే సీటు చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాను. ముందు సీటు కవరు కుట్టు ఊడి ఉంది. ఎవడో నైలాన్ దారం బదులు నూలు దారం వాడాడు. ఆ కుట్లు చూస్తూ కూర్చుంటే చాలనుకున్నాను. లైట్లు వెలిగాయి. పదకొండు కుట్ల దాకా చూశాను.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు గేటు తాత, బల్ల మీద జరిగి చోటిస్తూ.

డిసెంబర్ 18

కంటి పరీక్ష. బుడగ పూర్తిగా పోయింది.

గోడ మీద అక్షరాలు. అక్క మొదటి మూడు వరసలు చదివింది. నాలుగోది తప్పు చదివింది. అయిదో దాని దగ్గర ఆగిపోయి, "అక్కడ ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయి. ఇంకా మూడు వరసలున్నాయి.

డాక్టరమ్మ గళ్ళ కాగితం చూపించింది. గీతలు మధ్యలో వంకర పోతున్నాయట, గాలికి ఆడే తెరలా. మొహాలు అల్లంత దూరంలో తెలియడం లేదట, మనిషి ఉన్నాడని మాత్రం తెలుస్తోందట.

"కాజాలు కుట్టగలనా మేడం?"

"ఇంకొన్ని నెలలు చూద్దామమ్మా. కొంచెం మెరుగవుతుంది. మునుపటిలా అని మాత్రం చెప్పలేను."

బయటికి వచ్చాక అక్క నా భుజం పట్టుకుని నడిచింది.  రోడ్డు దాటాక, "మూడు వరసలు. సినిమా మూడు వారాలు ఆడిందనుకో" అంది. నేను నవ్వలేదు. "నవ్వరా, జోకు వేశాను" అంది.

డిసెంబర్ 20

అక్క పని చేసే చోట ఆవిడ ఫోను చేసింది. కాజాలకి వేరే అమ్మాయిని పెట్టుకున్నారట. కుట్టినవి మడతపెట్టే పని ఉంది, వస్తావా అని. అక్క వస్తానంది. తర్వాత అమ్మ చాలాసేపు అక్క తల దువ్వింది.

డిసెంబర్ 21

"పడవ సినిమా ఇంకా ఆడుతోందట. పొద్దుటి ఆట ఒక్కటే. పోదాం" అంది అక్క.

"చెప్పాను కదా అంతా."

"ఒకటో నంబరు ఇద్దరం చూడాలి. రూలు."

"నీకు సరిగ్గా కనపడదు కదా అక్కా."

నోట్లోంచి అలా వచ్చేసింది. ఛీ.

అక్క ఏమీ అనుకోలేదు. "నువ్వు పక్కనుంటావు కదా. ఎవరో తెలియకపోతే నిన్ను అడుగుతాను. నువ్వు మొత్తం చూశావుగా."

డిసెంబర్ 23

చెప్పేద్దామని మూడుసార్లు కుర్చీ దగ్గరికి వెళ్ళాను. ఒకసారి మంచినీళ్ళు ఇచ్చి వచ్చాను, ఒకసారి ఫ్యాను తగ్గించి వచ్చాను.

డిసెంబర్ 24

మేస్త్రీకి చెప్పాను. బైకు సీటు బిగిస్తూ అంతా విన్నాడు. "ఒరేయ్, నువ్వు కథలు కట్టావని ఆ పిల్ల ఏడవదు. కూర్చున్నానని చెప్పావే, దానికి ఏడుస్తుంది" అన్నాడు. తర్వాత, "అదొక్కటీ నిజం చెయ్యి. మిగతాదంతా వదిలెయ్" అన్నాడు.

ఎంత తేలిగ్గా అంటాడో. లేచిపోయేది ఆయన కాళ్ళు కాదు కదా.

డిసెంబర్ 28

ఈ పూట షాపుకి సెలవు పెట్టి రాస్తున్నాను, మర్చిపోకముందే.

పొద్దుటి ఆట. హాల్లో ముప్పయి మంది ఉంటారేమో. మధ్య వరసలో చివరి రెండు సీట్లు. ఒకటి నడిచే దారి పక్కన. దారి వైపు నేను కూర్చోవడం అలవాటు. అక్క ఆపింది. "అటు జరుగు. ఇవాళ నేను చివర్న కూర్చుంటాను."

మొదటి సగం నాకు తెలిసిందే. అక్క అప్పుడప్పుడు అడిగింది. "ఎర్ర చీర ఎవరు?" "పిన్ని." "ఇప్పుడు నవ్వింది పిల్లేనా?" "పిల్లే." లాంచీలో గొడుగుల దగ్గర హాలంతా నవ్వింది, అక్క అందరికంటే ముందు నవ్వింది. ఆ మాటలకి కళ్ళు అక్కర్లేదు.

తలుపు చప్పుడు. పిల్ల లేచింది. తలుపు సగం తెరుచుకుంది. లైట్లు వెలిగాయి.

నా కాళ్ళు లేచాయి. నిజంగా లేచాయి, నేను సగం నిలబడి ఉన్నాను. అక్క నా కంటే ముందు లేచింది.

"బాత్రూంకి పోయొస్తాను. నువ్వు ఉండు."

"నేను తీసుకెళ్తాను."

"ఆడవాళ్ళ బాత్రూంకి నువ్వెందుకురా? గోడ పట్టుకుని పోతాను, దారి తెలుసు. వచ్చేటప్పుడే కష్టం. అన్ని సీట్లూ ఒకేలా ఉంటాయి, చీకటి పడితే ఏ వరసో తెలియదు. నువ్వు ఇక్కడే కూర్చుని ఫోను లైటు పైకి పట్టుకో. లైటు చూసుకుని వస్తాను. నువ్వు కదిలితే నేను తప్పిపోతాను, ఏం?"

వెళ్ళిపోయింది.

కూర్చున్నాను. ఫోను లైటు వేసి చెయ్యి పైకి ఎత్తాను. చుట్టూ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, నా లైటు ఎవరికీ కనపడదు, అయినా ఎత్తాను. వెనక వరసలో ఎవడో "ఏంటి బ్రదర్, కరెంటు పోతుందా?" అన్నాడు. చెమటలు పట్టాయి. తలుపు వైపు చూశాను. గేటు తాత నిలబడి ఉన్నాడు, చేతిలో టార్చి. నేను ఇంకా రాలేదేంటా అని చూస్తున్నాడు. నా వైపు ఒక అడుగు వేశాడు.  నేను తల అడ్డంగా ఊపాను, రావద్దు అని. ఆయన ఆగాడు. టార్చి జేబులో పెట్టుకున్నాడు.

చెయ్యి నొప్పి పుట్టింది. రెండో చేతికి మార్చాను. లైట్లు ఆరిపోయాయి. తెర మీద ఏవో ప్రకటనలు. అక్క రాలేదు. చీకట్లో నా లైటు ఒక్కటే. లేచి వెతకాలనిపించింది. కదిలితే తప్పిపోతుంది. కదల్లేదు. ఎంతసేపో తెలియదు, రెండు నిమిషాలేమో.

నా చేతి మీద అక్క చెయ్యి పడింది.

"భలే కనిపించిందిరా" అంది, కూర్చుంటూ. "దూరం నుంచే."

రెండో సగం మొదలైంది. నేను సీట్లోనే ఉన్నాను.

తలుపు తట్టింది నాన్న కాదు. అవతలి ఒడ్డున ఉండే ఒక ముసలావిడ. ఆ వానరోజుకి వారం ముందు లాంచీలో గొడుగు మర్చిపోయింది. ఆవిడ కోసం ఆ నాన్న ఆ రోజు వానలో గొడుగు ఇవ్వడానికి పోయాడు. ఆవిడకి ఆ సంగతి ఇన్నేళ్ళకి తెలిసింది. చెప్పుకోవడానికి వచ్చింది. ఇద్దరూ కూర్చుంటారు. మాట్లాడుకోరు. చాలాసేపు. గేటు తాత చెప్పింది నిజమే, చప్పుడే లేదు.

 నేను గొడుగునే వాడాను కదా. నేను దాంతో ఆయన్ని తీసుకొచ్చాను, వీళ్ళు దాంతో ఆయన్ని పంపించేశారు.

ఆఖర్న ఒక సాయంత్రం. పిల్ల ఇల్లు ఊడుస్తుంటే గుమ్మంలో ఎవరో నిలబడతారు, వెనక నుంచి వెలుగు పడి మనిషి నల్లగా ఉంటాడు. మాట్లాడకుండా గోడ మీది లాంచీ తాళంచెవి వైపు చెయ్యి చూపిస్తాడు. అక్క ముందుకి వంగింది. కళ్ళు చిట్లించింది. నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్. వచ్చింది ఎవరు? నాన్నేనా?"

అవునంటే సరిపోతుంది. అక్కకి తెలిసే అవకాశం లేదు. నేను చెప్పిన సినిమా నేను చెప్పినట్టే ఉంటుంది, ఒకటో నంబరు ఒకటో నంబరుగానే ఉంటుంది.

"కాదక్కా" అన్నాను. "లాంచీకి కొత్తగా వచ్చిన డ్రైవరు. తాళంచెవి అడగడానికి వచ్చాడు."

"మరి నాన్న?"

"రాడక్కా."

అక్క చెయ్యి అలాగే ఉంది. తెర మీద ఆ పిల్ల మేకుకి వేలాడే తాళంచెవి తీసి ఇచ్చింది. అతను వెళ్ళాడు. పిల్ల తలుపు వేసి, గడియ పెట్టింది. అంతే. పేర్లు పడ్డాయి.

ఎవరూ లేవలేదు. మేమూ లేవలేదు.

"అన్నీ నువ్వే కట్టావు కదూ" అంది అక్క.

"ఊఁ."

"ఆరూ?"

"ఆరూ. నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. అబద్ధం చెప్పాను."

"ఎప్పటి నుంచో అనుకుంటున్నాను" అంది. "కూర్చున్నావన్నది నిజమైతే బాగుండుననుకుని అడగలేదు."

 బయటికి వచ్చేటప్పుడు నేను గేటు తాతకి నమస్కారం పెట్టాను. ఎందుకో ఆయనకి తెలుసు.

ఇంటికి నడుస్తుంటే అక్కకి రెండో సగం నేను చెప్పాను. తను చూసిందే. అయినా చెప్పమంది. మొహాలు ఎలా పెట్టారో, ముసలావిడ చెయ్యి ఎక్కడ పెట్టుకుందో, అవన్నీ. చెబుతుంటే అక్క మధ్యలో ఆపి, "నీ దాంట్లో ఆయన 'గడియ పెట్టుకోలేదేమే' అంటాడు కదా, అది వీళ్ళకి తట్టలేదు చూడు" అంది.

డిసెంబర్ 31

లిస్టు రాశాం. అక్క చెప్పింది, నేను రాశాను, పెద్ద అక్షరాలతో, తనకి కనపడేలా. పాత క్యాలెండర్ కాగితం చాల్లేదు, రెండు అతికించాను.

ఈ ఏడు రూలు కొంచెం మారింది. అక్క మార్చింది. ఒక్కో సినిమాకి ఎదురుగా ఎంత చూశామో రాయాలట. కుక్క సినిమాకి ఎదురుగా "సగం, మిగతాది తమ్ముడిది" అని రాయించింది. దెయ్యం సినిమాని పదో నంబరులో పెట్టింది, "నీది మరీ ఎక్కువైంది" అని. కొరియర్ సినిమాకి రెండో నంబరు. పార్సిళ్ళ గది కోసం.

ఒకటో నంబరు: పడవ సినిమా. ఇద్దరం. మొత్తం.

కాగితం అంటించి తలుపు వేయబోతుంటే అక్క ఆపింది.

"ఆ రోజు నువ్వు చూస్తున్న సినిమా ఏంట్రా? నాన్న రోజు."

పేరు చెప్పాను. తొమ్మిదేళ్ళలో ఆ పేరు నేను పలకడం మొదటిసారి.

"దాని రెండో సగం నాకు తెలుసు" అంది. "తర్వాతెప్పుడో చూశాను, నీకు చెప్పలేదు. చెప్పనా?"

చెప్పు అన్నాను. బల్లల మధ్య ఆ దిండు ఇంకా అలాగే ఉంది. అలవాటు కొద్దీ వెళ్ళి కింద పడుకున్నాను. అక్క నవ్వి, పైన బోర్లా పడుకుని, రంధ్రంలోంచి మొహం పెట్టింది. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.

"పెద్ద గొప్ప సినిమా ఏం కాదులే" అని మొదలుపెట్టింది. "ఇంటర్వెల్ అవగానే ఒక పాట ఉంటుంది. అది దాటేస్తాను."

(ఈ పేజీ వెనక అక్క చుక్కల టిక్కులు వచ్చేశాయి. ఇక జాగా లేదు.)